నడుస్తున్న కంప్యూటర్లో డిస్కు మార్పిడి: నాడు, నేడు

ప్రత్యేక సంచికకు మన సభ్యులు సాధారణంగా తీర్థయాత్రల గురించో, పెన్షన్ ఉత్తర్వుల గురించో, ఉద్యోగ కాలపు జ్ఞాపకాల గురించో రాస్తుంటారు. నేను ఈసారి కొంచెం వేరే విషయం ఎత్తుకున్నాను. ఉద్యోగంలో చివరి పదిహేనేళ్ళూ ఇ.డి.పి. సెల్‌లో గడిపినవాణ్ణి కావడంచేత, కంప్యూటర్ సంగతి ఏదైనా వస్తే మిత్రులు నన్నే అడగడం అలవాటయింది. ఈ మధ్య ఎక్కువగా వినపడుతున్న ప్రశ్న ఒకటే. "ఇంట్లో కంప్యూటర్లో హార్డ్ డిస్కు మార్చాలి. ఆపకుండానే మార్చవచ్చని మావాడు ఫోన్లో చెబుతున్నాడు. నిజమేనా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ డిస్కులో ఏముంటుందో మనకు తెలుసు. పిల్లల పెళ్ళిళ్ళ ఫొటోలు, గతించిన వారి గొంతులు, ఇంటి దస్తావేజుల నకళ్ళు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు ప్రతి, ఆసుపత్రి రిపోర్టులు ఉంటాయి. యంత్రం పోతే కొత్తది కొనుక్కోవచ్చు. ఇవి పోతే ఏ దుకాణంలోనూ దొరకవు.

ప్రశ్నకు జవాబు "కొన్నిటిని మార్చవచ్చు, కొన్నిటిని ముట్టుకోనే కూడదు" అని. ఏవి, ఎందుకు అన్నది తెలియాలంటే సుమారు 70 ఏళ్ళ చరిత్ర కొంచెం తిరగేయాలి. చరిత్ర తెలిసినవాడికి జాగ్రత్తలు వేరే కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

మొదటి డిస్కు: బీరువా అంత

1956 సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ "ర్యామాక్" అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో తయారైన డిస్కు యంత్రం అందులోని ముఖ్య భాగం. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి హార్డ్ డిస్కు అదే. రెండడుగుల వెడల్పున్న 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటి పేర్చి, నిమిషానికి 1,200 చుట్లు తిప్పేవారు. బరువు టన్ను పైమాటే. ఇంత చేస్తే అందులో పట్టే సమాచారం 50 లక్షల అక్షరాలు. ఇవాళ సెల్‌ఫోనుతో తీసిన ఒకటి రెండు ఫొటోలకు అది సరిపోతుంది. కంప్యూటర్ మొత్తానికి నెల అద్దె 3,200 డాలర్లు.

అప్పటివరకు లెక్కలన్నీ చిల్లుల కార్డుల మీద, టేపుల మీద నడిచేవి. టేపులో మధ్య సమాచారం కావాలంటే మొదటినుంచి తిప్పుకుంటూ పోవాలి. డిస్కులో అలా కాదు, కావలసిన చోటికి సూటిగా వెళ్ళవచ్చు. లెడ్జరులో పేజీ నంబరు చూసి తెరిచినట్టన్నమాట. ఆ సౌకర్యమే తరువాతి కాలంలో బ్యాంకులనూ, రైల్వే రిజర్వేషన్లనూ కంప్యూటర్ల మీదికి తెచ్చింది.

అయితే ఆ డిస్కును మార్చడమనే మాటే లేదు. టన్ను బరువున్న దాన్ని ఎవరు మారుస్తారు? అది గదిలో ఒక భాగం. చెడిపోతే యంత్రాన్ని ఆపి, ఇంజనీరు వచ్చి, ఉన్నచోటే బాగుచేయాలి.

తీసిపెట్టే డిస్కులు

1962లో ఐ.బి.ఎం.వారే 1311 అనే కొత్త డ్రైవు తెచ్చారు. ఇందులో విశేషం ఏమిటంటే, తిప్పే యంత్రం వేరు, తిరిగే డిస్కులు వేరు. ఆరు పళ్ళేల కట్టను "డిస్క్ ప్యాక్" అన్నారు. ఒక్కో ప్యాకు బరువు దాదాపు నాలుగున్నర కిలోలు, పట్టేది 20 లక్షల అక్షరాలు. జీతాల ప్యాకు ఒకటి, స్టోర్సు ప్యాకు ఒకటి పెట్టుకుని, ఏ పని చేయాలంటే ఆ ప్యాకు ఎక్కించేవారు.

1970, 80 దశకాల్లో మన దేశంలోని పెద్ద కంప్యూటర్ కేంద్రాలు చూసినవారికి ఈ ప్యాకులు గుర్తుండే ఉంటాయి. చూడటానికి బట్టలుతికే యంత్రంలాంటి పెట్టె. పైమూత ఎత్తి, పిడి ఉన్న ప్లాస్టిక్ గిన్నె పళ్ళేల మీద బోర్లించి, పిడి తిప్పి పైకి ఎత్తేవారు. మన హైదరాబాదుకు ఈ కథలో చోటుంది. 1967లో ఇక్కడ ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. పేరుతో దేశీయ కంప్యూటర్లను తయారు చేసింది. 1978లో ఐ.బి.ఎం. భారతదేశం విడిచి వెళ్ళినప్పుడు, అది వదిలి వెళ్ళిన యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. చేపట్టింది. ఆ తరం ఇంజనీర్లలో ఎందరో ఇవాళ మనలాగే పెన్షనర్లు.

ప్యాకు మార్చడానికి ఒక క్రమం ఉండేది. ముందు ఆపరేటరు కన్సోలు మీద "ఈ డిస్కు దింపుతున్నాం" అని కంప్యూటర్‌కు చెప్పాలి. కంప్యూటర్ రాయవలసినవి రాసేసి సరేనన్న తరువాత డ్రైవు బొత్తం నొక్కాలి. పళ్ళేలు తిరగడం ఆగాలి. ఆ తరువాతే మూత ఎత్తాలి. ఈలోగా పెద్ద కంప్యూటర్ మిగతా డ్రైవులతో తన పని తాను చేసుకుపోతూనే ఉండేది. అంటే నడుస్తున్న కంప్యూటర్లో డిస్కు మార్చడం నిన్న మొన్నటి వింత కాదు, 60 ఏళ్ళ కిందటి దినచర్యే. చెప్పడం, రాయనివ్వడం, ఆగనివ్వడం, తీయడం - ఈ నాలుగు మెట్లూ అప్పుడు ఏర్పడ్డవే. ఈనాటికీ మారలేదు.

మూత బిగిసింది

డిస్కు మీద రాసే, చదివే భాగాన్ని హెడ్డు అంటారు. అది పళ్ళేన్ని తాకకుండా, తిరిగేటప్పుడు పుట్టే సన్నని గాలిపొర మీద తేలుతుంది. ర్యామాక్‌లో ఆ ఎడం సుమారు 20 మైక్రాన్లు. ఇవాళ్టి డిస్కుల్లో అది కొద్ది నానోమీటర్లకు దిగింది. ఒక తలవెంట్రుక మందంలో అది వేలవ వంతు కూడా ఉండదు. అలాంటి ఎడంలోకి సిగరెట్టు పొగ రేణువు చొరబడినా కొండ అడ్డం వచ్చినట్టే. హెడ్డు గీరుకుంటుంది, సమాచారం పోతుంది. మూత తెరిచే ప్యాకులకు దుమ్ము బెడద ఎప్పుడూ ఉండేది. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళే ఆచారం అందుకే వచ్చింది.

1973లో ఐ.బి.ఎం. 3340 అనే డ్రైవు వచ్చింది. ఇందులో హెడ్లనూ పళ్ళేలనూ కలిపి ఒకే పెట్టెలో బిగించేశారు. మొదట 30, 30 మెగాబైట్ల రెండు భాగాలుగా అనుకున్నారట. "30-30" అనగానే ఆ పేరుతో ప్రసిద్ధమైన వించెస్టర్ తుపాకి గుర్తొచ్చి, కెన్నెత్ హాటన్ అనే ఇంజనీరు దానికి "వించెస్టర్" అని ముద్దుపేరు పెట్టాడు. మన కార్యాలయాల్లో పాతవారు హార్డ్ డిస్కును వించెస్టర్ అనడం మీరు వినే ఉంటారు. ఈనాటి హార్డ్ డిస్కులన్నీ ఆ వంశానివే.

దుమ్ము బెడద తీరింది. అయితే పెట్టె యంత్రం లోపలికి పోయి, మరలతో బిగిసిపోయింది. మార్చాలంటే యంత్రం ఆపక తప్పని రోజులు వచ్చాయి.

ఆగకూడని యంత్రాలు

అదే కాలంలో ఇంకొక అవసరం బలపడింది. బ్యాంకు కౌంటరు, విమాన టిక్కెట్లు, స్టాకు మార్కెట్టు - వీటిలో కంప్యూటర్ ఆగితే జనం నిలిచిపోతారు. 1974లో అమెరికాలో జేమ్స్ ట్రైబిగ్ అనే ఆయన టాండెమ్ అనే కంపెనీ పెట్టాడు. దాని సూత్రం సులభం. ముఖ్యమైన భాగం ప్రతిదీ రెండేసి ఉండాలి. ఒకటి పోతే రెండోది పని అందుకోవాలి, పోయినదాన్ని యంత్రం నడుస్తుండగానే మార్చగలగాలి. వారి మొదటి "నాన్‌స్టాప్" కంప్యూటర్ 1976లో సిటీబ్యాంకుకు వెళ్ళింది.

మన దగ్గర కూడా ఈ అవసరం ఎంతటిదో రైల్వే రిజర్వేషను చూపించింది. 1985-86లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్లు మొదలయ్యాయి. 1994లో "కాన్సర్ట్" అనే కొత్త వ్యవస్థను మొట్టమొదట సికింద్రాబాదులోనే అమలు చేశారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ అనుసంధానమయ్యాయి. ఎక్కడినుంచి ఎక్కడికైనా టిక్కెట్టు ఇవ్వగల కౌంటర్లు వచ్చాయి. పొద్దున్నే లైను కట్టి "సిస్టమ్ డౌన్" అన్న బోర్డు చూసి ఉసూరుమన్న అనుభవం మనలో ఎవరికి లేదు? ఒక డిస్కు కోసం అరగంట ఆపడమంటే వేలమందిని అరగంట నిలబెట్టడం.

1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం ప్రచురించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనేబదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడితే, వాటిలో ఒకటి పోయినా సమాచారం నిలిచేలా చేయవచ్చని అందులో చూపించారు. దానికి "రెయిడ్" అని పేరు పెట్టారు. డిస్కులు చవకయ్యాయి, కానీ సంఖ్య పెరిగింది. సంఖ్య పెరిగితే ఎప్పుడో ఒకటి చెడిపోతూనే ఉంటుంది. చెడిన ప్రతిసారీ యంత్రం ఆపడం కుదరదు. నడుస్తుండగా మార్చే డిస్కు సర్వర్లకు తప్పనిసరి అయింది.

ఇంట్లోకి వచ్చిన డిస్కు

ఈలోగా డిస్కు చిన్నదై మన బల్లల మీదికి వచ్చింది. 1980లో సీగేట్ కంపెనీ అయిదుంపావు అంగుళాల ఎస్.టి.-506 డిస్కును తెచ్చింది. దాని సామర్థ్యం 5 మెగాబైట్లు. అంటే ర్యామాక్ అంత సమాచారం ఇప్పుడు రెండు చేతుల్లో ఇమిడిపోయింది. 1983లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.-ఎక్స్‌టిలో 10 మెగాబైట్ల డిస్కు ఉండేది. మన దేశంలో 1984 నవంబరులో వచ్చిన కంప్యూటర్ విధానం, అదే ఏడాది బ్యాంకుల యాంత్రీకరణపై రంగరాజన్ కమిటీ ఇచ్చిన నివేదిక, ఈ చిన్న యంత్రాలు కార్యాలయాల్లోకి రావడానికి దారి తీశాయి.

1986లో ఐ.డి.ఇ. పద్ధతి వచ్చింది. 40 పిన్నుల వెడల్పాటి బూడిదరంగు కేబుల్, దానికి రెండు డిస్కులు, ఒకటి మాస్టరు, ఒకటి స్లేవు. అది చవక, సులభం. దాదాపు ఇరవై ఏళ్ళు ఇంటి కంప్యూటర్లను ఏలింది. కానీ నడుస్తుండగా డిస్కు మార్చే ఆలోచనే దాని రూపకల్పనలో లేదు. కారణాలు మూడు.

ఒకటి, డిస్కులు ఏవి ఉన్నాయన్నది కంప్యూటర్ లేచేటప్పుడు ఒక్కసారే చూసుకుంటుంది. ఆ తరువాత వచ్చినవారు, పోయినవారు దానికి తెలియరు. పొద్దున హాజరుపట్టీ తీసుకుని, సాయంత్రందాకా మళ్ళీ తల ఎత్తని హెడ్ క్లర్కు లాంటిది.

రెండు, రెండు డిస్కులూ ఒకే తీగల మీద మాట్లాడతాయి. ఒకదాన్ని లాగితే ఆ కుదుపు రెండోదానికి తగులుతుంది.

మూడు, కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల కనెక్టరులో పిన్నులన్నీ ఒకే పొడవు. వాటిలో ఎరుపు 5 వోల్టులు, పసుపు 12 వోల్టులు, మధ్యలో రెండు నలుపు తీగలు ఎర్తు. చేత్తో వంకరగా గుచ్చితే ఎర్తు కంటే ముందు 12 వోల్టులు తగిలే వీలుంది. అలా తగిలితే కరెంటు వెళ్ళకూడని దారుల్లో వెళ్ళి చిప్పులను కాల్చేస్తుంది.

దీని ఫలితం నేను కళ్ళారా చూశాను. 1995లో నేను పనిచేసిన కార్యాలయంలో జి.పి.ఎఫ్. ఖాతాలు ఒక పి.సి. మీద నడిచేవి. మరమ్మతు కాంట్రాక్టు సంస్థ తరఫున వచ్చిన యువకుడు, యంత్రం నడుస్తుండగానే స్లేవు డిస్కు కేబుల్ లాగాడు. అదే కేబుల్ మీదున్న మాస్టరు డిస్కులో ఆ క్షణాన ఖాతాలు రాయబడుతున్నాయి. తెర స్తంభించింది. తిరిగి లేపితే ఫైళ్ళ పట్టిక చిందరవందరగా ఉంది. ఆ నెల చందాలన్నీ మాయం. కాగితపు షెడ్యూళ్ళు బీరువాలో ఉండబట్టి బతికిపోయాం. ఇద్దరు యు.డి.సి.లు, ఒక టైపిస్టు పదకొండు రోజులు కూర్చుని మళ్ళీ ఎక్కించారు. ఆ నెలలో రిటైరైన ఒక అటెండరుకు తుది చెల్లింపు ఆ పదకొండు రోజులూ ఆగింది. కూతురి పెళ్ళి పెట్టుకున్న మనిషి, రోజూ వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడి "అయ్యిందా బాబూ?" అని అడిగేవాడు. డిస్కులో ఉన్నవి అంకెలు మాత్రమే కావని నాకు నేర్పినది ఆయన ముఖమే.

పొడుగు పిన్ను మహిమ

మరి సర్వర్లలో ఎలా సాధ్యమైంది? సమాధానం వింటే ఇంతేనా అనిపిస్తుంది. పిన్నుల పొడవు మార్చారు.

1990ల మధ్యలో స్కజీ డిస్కులకు 80 పిన్నుల ఒకే కనెక్టరు వచ్చింది. సమాచారం, కరెంటు రెండూ దానిలోనే. డిస్కును ఒక పట్టాల చట్రంలో బిగించి, సొరుగులా లోపలికి తోస్తారు. ఎర్తు పిన్నులు పొడుగు, కాబట్టి అవి ముందుగా తగులుతాయి. తరువాత కరెంటును సన్నగా, నెమ్మదిగా అందించే పిన్నులు తగులుతాయి. చివరికి పూర్తి కరెంటు, సమాచారపు పిన్నులు. తీసేటప్పుడు ఇదే క్రమం తిరగబడుతుంది, ఎర్తు ఆఖరున విడుతుంది. మనిషి చెయ్యి ఎంత తొందరపడినా క్రమం తప్పదు, ఎందుకంటే క్రమం లోహంలోనే ఉంది.

మధ్యలో ఆ సన్నని కరెంటు ఎందుకంటే, కొత్తగా తగిలిన డిస్కు లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే అవి గటగటా తాగేసి, పక్క డిస్కులకు వోల్టేజి పడిపోతుంది. వేసవిలో పక్కింటి మోటారు వేయగానే మన ఇంట్లో దీపం మినుకుమన్నట్టు. ముందు కొంచెం తాగించి, తరువాత కొళాయి పూర్తిగా తిప్పడమే ఈ ఏర్పాటు.

ఇదే తెలివి 2003లో శాటా పద్ధతితో ఇంటి కంప్యూటర్లకు దిగింది. వెడల్పాటి కేబుల్ పోయి, వేలంత సన్నని కేబుల్ వచ్చింది. సమాచారానికి 7 పిన్నులు, కరెంటుకు 15 పిన్నులు. కొన్ని ఎర్తు పిన్నులు పొడుగు. ఒక కేబుల్‌కు ఒకే డిస్కు, కనుక ఒకదాన్ని తీస్తే రెండోదానికి కుదుపు లేదు. 2004లో ఇంటెల్ సంస్థ వెలువరించిన ఎ.హెచ్.సి.ఐ. అనే పద్ధతి వల్ల డిస్కు వచ్చిందనీ పోయిందనీ కంప్యూటర్‌కు తెలిసే ఏర్పాటు కూడా కుదిరింది. 2007 నాటి విండోస్ విస్టా నుంచి ఈ పద్ధతి విండోస్‌లో అంతర్భాగమైంది. హెడ్ క్లర్కు ఇప్పుడు గుమ్మంవైపు కూడా చూస్తున్నాడన్నమాట.

ఇంట్లో మార్చదలిస్తే

కాబట్టి మిత్రుడి పిల్లవాడు ఫోన్లో చెప్పినది అబద్ధం కాదు. కానీ సగమే నిజం. మిగతా సగం ఇది.

ముట్టుకోకూడనివి ముందు చెబుతాను. విండోస్ ఉన్న డిస్కును నడుస్తుండగా తీయకూడదు. నిలబడ్డ కొమ్మను నరుక్కోవడమే. పాత 40 పిన్నుల డిస్కును తీయకూడదు. మదర్‌బోర్డుకే అతుక్కుని ఉండే, చూయింగ్ గమ్ పలకలాంటి ఎం.2 డిస్కును ఇంటి కంప్యూటర్లలో కరెంటు ఉండగా తీయకూడదు. ల్యాప్‌టాప్ లోపలి డిస్కు జోలికి అసలే పోకూడదు.

తీయదగినది శాటా పద్ధతి గల రెండో డిస్కు మాత్రమే. దానికైనా మదర్‌బోర్డు సెట్టింగుల్లో ఎ.హెచ్.సి.ఐ. పద్ధతి ఉండాలి. చాలా బోర్డుల్లో ఒక్కో శాటా ద్వారానికి "హాట్ ప్లగ్" అనే ఎంపిక విడిగా ఉంటుంది. అది ఎనేబుల్ చేసి ఉండాలి. ఇవి కుదిరితే క్రమం ఇలా:

1. ముఖ్యమైన ఫైళ్ళకు వేరొకచోట నకలు ఉందని తెరిచి చూసుకోవాలి. ఉందనుకోవడం వేరు, చూడటం వేరు.

2. తీయవలసిన డిస్కు ఏదో సీరియల్ నంబరుతో పోల్చుకోవాలి. తెరమీద కనబడే నంబరు, డిస్కు చీటీ మీద నంబరు ఒకటేనా? చెడిన డిస్కు బదులు మంచి డిస్కు లాగేసి సర్వస్వం పోగొట్టుకున్న కథలు పెద్ద పెద్ద సర్వరు గదుల్లోనే ఉన్నాయి.

3. ఆ డిస్కులోని ఫైళ్ళన్నీ మూసి, "సేఫ్లీ రిమూవ్" ద్వారా గాని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఆఫ్‌లైన్" చేసి గాని కంప్యూటర్‌కు సెలవు చెప్పాలి. లినక్స్ వాడేవారు అన్‌మౌంట్ చేయాలి. "ఇంకా వాడుకలో ఉంది" అని జవాబు వస్తే బలవంతం పనికిరాదు. ఎందుకంటే మనం "సేవ్" నొక్కినదంతా వెంటనే డిస్కు మీదికి పోదు. కొంతసేపు మెమరీలోనే ఉండి, తీరిక దొరికినప్పుడు రాయబడుతుంది. సెలవు చెప్పడమంటే ఆ బాకీ తీర్చమనడం.

4. తిరుగుతున్న డిస్కు కరెంటు ఆగిన తరువాత కూడా కొంతసేపు బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. తెర మీద ఆఫ్‌లైన్ అయినంత మాత్రాన అది ఆగిందని కాదు. సొరుగు చట్రమైతే తాళం తీసి, ఒక అంగుళం జరిపి, చప్పుడూ అదురూ ఆగేదాకా పావు నిమిషం, అర నిమిషం అలాగే ఉంచాలి. తిరుగుతున్నదాన్ని చేత్తో వంచితే ఎదురు తిరుగుతుంది, లోపల హెడ్డుకు ప్రమాదం. కొత్తరకం ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగం లేదు గాని, మూడో మెట్టు దానికీ వర్తిస్తుంది.

5. ఒంటి మీది స్థిర విద్యుత్తు పోవడానికి ముందుగా కంప్యూటర్ ఇనుప చట్రాన్ని చేత్తో తాకాలి. కనెక్టరును సూటిగా పట్టి లాగాలి, సూటిగా గుచ్చాలి.

6. కొత్త డిస్కు పెట్టాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "రీస్కాన్" చేస్తే కనబడుతుంది. "ఇనిషియలైజ్ చేయనా?" అని అడిగితే, అది ఖాళీ డిస్కు అని నిశ్చయంగా తెలిస్తేనే సరేననాలి.

తరచు మార్చేవారికి ఒక మాట. కంప్యూటర్ లోపలి శాటా కేబుల్ కనెక్టరు సుమారు 50 సార్లు గుచ్చి తీయడానికే ఉద్దేశించినది. పదేపదే మార్చే పని ఉంటే ముందుభాగంలో బిగించే సొరుగు చట్రం కొనుక్కోవడం, లేదా యు.ఎస్.బి. పెట్టెలో డిస్కు పెట్టుకోవడం మేలు.

ఆపి మార్చడమే మనకు మేలు

ఇంత చెప్పి ఈ మాట అంటున్నందుకు నవ్వుకోవద్దు. ఆగకూడదన్నది బ్యాంకుకు, రైల్వేకు, ఆసుపత్రికి. మనింట్లో కంప్యూటర్ పది నిమిషాలు ఆగితే ఏ రైలూ ఆగదు. కాబట్టి నా సలహా - ఆపండి, మార్చండి.

అయితే ఆపడంలోనూ రెండు మెలికలున్నాయి. పాత పి.సి.లలో పెద్ద మీట టక్కున కొడితే కరెంటు పూర్తిగా పోయేది. 1995లో వచ్చిన ఎ.టి.ఎక్స్. పద్ధతిలో, కంప్యూటర్ ఆగినట్టు కనిపించినా మదర్‌బోర్డులో 5 వోల్టులు నిలిచే ఉంటాయి. కనుక గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకాలి. రెండోది, 2012 నాటి విండోస్ 8 నుంచి "ఫాస్ట్ స్టార్టప్" అనే ఏర్పాటు ఉంది. దానివల్ల షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ముగియదు, కొంత జ్ఞాపకం దాచుకుని నిద్రపోతుంది. ఆ స్థితిలో డిస్కు తీసి వేరే యంత్రంలో వాడి తిరిగి పెడితే లెక్కలు తారుమారయ్యే ప్రమాదముంది. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ముగుస్తుంది. ఇక స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ ఆగిన కంప్యూటర్ కానే కాదు.

చార్జి అప్పగింత

ఈ చరిత్రంతా చూస్తే నాకు మన సర్వీసు నిబంధనలే గుర్తొస్తాయి. బదిలీ అయిన ఉద్యోగి చెప్పకుండా లేచిపోడు. పెండింగు ఫైళ్ళు ముగిస్తాడు, నగదు లెక్క చూపిస్తాడు, చార్జి లిస్టు మీద ఇద్దరూ సంతకాలు చేస్తారు, రిలీవింగ్ ఆర్డరు తీసుకుంటాడు. అప్పుడు కార్యాలయం ఆగదు, కొత్తవాడు తడబడడు. అలా కాక ఒక మనిషి అర్ధాంతరంగా మాయమైతే ఆ సీటు సంగతి తేలడానికి నెలలు పడుతుంది. ఇంజనీర్లు యంత్రానికి నేర్పిందీ అదే మర్యాద. 1962 నాటి ప్యాకు దగ్గరా ఇవాళ్టి డిస్కు దగ్గరా ఒకటే నియమం. తీసేవాడు ముందు చెప్పాలి, ఉన్నవాడు బాకీ తీర్చుకోవాలి, ఆ తరువాతే విడిపోవాలి.

మన వయసులో ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉంది. మన డిస్కుల్లో ఉన్నది మన తరువాతివారికి చేరాలంటే చార్జి మనమే సిద్ధం చేయాలి. ఏ డిస్కులో ఏముందో, నకలు ఏ బీరువాలో ఉందో, పాస్‌వర్డు ఎవరికి తెలుసో ఒక కాగితం మీద రాసి, పెన్షన్ పత్రాల సంచీలోనే పెట్టండి. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులు ఉండనివ్వండి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఫొటోల్లో ఎవరెవరున్నారో పేర్లు రాయడం మరవకండి. ఆ పని మన తరం మాత్రమే చేయగలదు.

సభ్యులెవరికైనా తమ కంప్యూటర్లో ఉన్నది ఏ రకం డిస్కో తెలియకపోతే, నెలవారీ సమావేశానికి దాని చీటీ ఫొటో తీసుకురండి. చూసి చెబుతాను. మరలు మాత్రం అప్పటిదాకా విప్పవద్దని మనవి.